గూస్ ధర నవంబరులో తేలదు

చిరంజీవి కిరణ్‌కి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ఎక్సెల్ షీట్ చూశాను. ఉద్యోగంలో చేరీ చేరగానే జర్మనీకి వచ్చే ఫ్రోజెన్ గూస్ (పెద్దబాతు) మాంసం ధరల పోకడ తయారుచెయ్యమన్నారంటే మీ మేనేజరు నిన్ను పరీక్షిస్తున్నాడనుకో. పైకి చిన్న సరుకు. చికెన్‌తో పోలిస్తే దాని టన్నేజీ ఏపాటిది! కానీ ఈ దేశంలో ఏడాది మొత్తం గిరాకీ రెండు పండగల చుట్టూనే తిరుగుతుంది, నవంబరు 11న సెయింట్ మార్టిన్ రోజు, ఆ తర్వాత క్రిస్మస్. ఇక్కడ పెరిగే పక్షులు అందుకు ఏ మూలకూ చాలవు. సరుకులో ఎక్కువ భాగం పోలండ్, హంగరీల నుంచే రావాలి. హాంబర్గ్‌లో కొనుగోళ్ల డెస్కు మీద కూర్చున్నన్నాళ్లూ నేను చూసింది ఇదే.

నువ్వు చేసిందేమిటంటే, దిగుమతి విలువని బరువుతో భాగించి, వచ్చిన అంకెలతో ఒక గీత గీశావు. ఆ గీత ధరది కాదురా. అది సరుకు రకాల కలగాపులగం. కస్టమ్స్‌వాళ్లు ఒక్కో సరుకుకి ఒక్కో కోడ్ ఇస్తారు. 0207 52 అంటే ముక్కలు చెయ్యని, ఫ్రోజెన్ గూస్. 0207 55 అంటే మిగతా ఫ్రోజెన్ అంతా: కాళ్లు, రొమ్ము, రెక్కలు, ఎముక తీసిన మాంసం, చివరికి ఫ్రోజెన్ లివరు కూడా. కొవ్వు పట్టించిన లివరు కిలో ధర ఎక్కడ, రెక్కల ధర ఎక్కడ? బలవంతంగా మేత కుక్కి లివరు పెంచడం జర్మనీలో నిషేధమే గాని దిగుమతికి అడ్డు లేదు. ఒక నెలలో లివరు పెట్టెలు కొన్ని ఎక్కువొస్తే నీ గీత ఎగిరిపోతుంది, మార్కెట్లో ఏమీ జరక్కపోయినా సరే. ఆరంకెల కోడ్‌తో ఆగిపోకుండా ఎనిమిదంకెల దాకా వెళ్లు. రొమ్ముకి వేరే వరస, కాళ్లకి వేరే వరస పెట్టు.

ఇంకో గుంట కూడా ఉంది. 2012కి ముందు అంతర్జాతీయ ఆరంకెల కోడ్‌లలో గూస్, డక్ (బాతు), గినీ కోడి అన్నీ ఒకే గంపలో ఉండేవి. 2012లోనే విడదీశారు. నీ షీట్లో 2011 నుంచి 2012కి కనబడే పెద్ద మలుపు అదే. దానికి కారణాలు వెతుకుతూ రెండు పేజీలు రాశావు, కొట్టెయ్యి.

అసలు సంగతికి వస్తాను. గూస్ బ్రాయిలర్ కోడి లాంటిది కాదు. ఏడాది పొడుగునా గుడ్లు పెట్టదు. ముఖ్యంగా వసంతంలో పెడుతుంది, పొదగడానికి నెల రోజులు పడుతుంది. వేసవి మొదటికి షెడ్లలోకి ఎన్ని పిల్లలు వెళ్లాయో, శీతాకాలానికి అంతే మాంసం. అక్టోబరులో గిరాకీ పెరిగిందని ఎవరూ అప్పటికప్పుడు పెంచలేరు. తొందరగా మేపినది తొమ్మిది పది వారాలకే కోతకి వస్తుంది, పచ్చిక మీద తిరిగినదానికి ఐదు నెలలు దాటాలి. వేసవిలో కోసి గడ్డకట్టించిన సరుకే నవంబరు దాకా ఆగి సూపర్ మార్కెట్‌కి వస్తుంది. అందుకే బేరాలు వసంతంలోనే మొదలవుతాయి. సంక్రాంతి ముందు నాటుకోడి ధర చూసి ఆశ్చర్యపోయేవాడు ఆరు నెలల ముందు పిల్లల ధర అడగనివాడే కదా.

నువ్వు నవంబరుని ఫిబ్రవరితో పోల్చి ధర పడిపోయిందని రాశావు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మూడు నెలలు కలిపి, పోయినేడు అదే మూడు నెలలతో పోల్చు. క్రిస్మస్ అయ్యాక వచ్చేది కొద్దిపాటి సరుకు, దాని ధర ఎవరికీ ఏమీ చెప్పదు. జనవరికి ఎవరి ఫ్రీజర్లలో ఎంత మిగిలిందో మాత్రం ఫోను చేసి కనుక్కో, అది ఏ గణాంకంలోనూ దొరకదు. మిగులు ఎక్కువుంటే కొనేవాళ్లు వసంతంలో బెట్టు చేస్తారు, పెంచేవాళ్లు పిల్లల్ని తగ్గిస్తారు. మరుసటేడు ధర పెరగడానికి బీజం అక్కడే పడుతుంది.

బర్డ్ ఫ్లూ గురించి నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు. అది చాలదు. 2016–17 శీతాకాలంలో హెచ్5ఎన్8 రకం బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు హంగరీ దక్షిణాన, బాచ్-కిష్కున్ జిల్లా చుట్టుపక్కల, డక్, గూస్ ఫారాలు బాగా దెబ్బతిన్నాయి. అక్కడ ఫారాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. రోగం బయటపడిన చోటు చుట్టూ 3 కిలోమీటర్ల రక్షణ మండలం, 10 కిలోమీటర్ల నిఘా మండలం గీస్తారు, వాటి లోపల కదలికలన్నీ ఆంక్షల కిందికి వస్తాయి. చంపేసిన వాటిలో గుడ్లు పెట్టే తల్లి మందలు కూడా ఉంటే ఆ ఏటి సరుకుతో కథ ముగియదు. మందని మళ్లీ పెంచుకోవడానికి టైము పడుతుంది. కాబట్టి జనవరి వార్తని జనవరి ధరలో వెతక్కు, రాబోయే శరత్కాలంలో వెతుకు. ఫ్రోజెన్ నిల్వలు ఈ ఆలస్యాన్ని ఇంకా సాగదీస్తాయి.

2022 ఇందుకు మంచి పాఠం. వసంతంలో హంగరీలో మళ్లీ ఫ్లూ. ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై దాణా గింజలు, కరెంటు, గ్యాసు పెరిగాయి. గడ్డకట్టించడానికీ, నిలవ ఉంచడానికీ కరెంటే కదా. అదే ఏడు అక్టోబరులో యూరోతో హంగరీ కరెన్సీ ఫోరింట్ విలువ అప్పటిదాకా ఎన్నడూ లేనంత పడిపోయింది. హంగరీవాడికి తన డబ్బులో ఖర్చు ఎంత పెరిగిందో, మనకి యూరోలో అంత పెరగాలని లేదు. పోలండ్ జ్లోటీ సంగతీ అంతే. నీ షీట్లో ఈ రెండు మారకపు రేట్లకి చోటివ్వు.

పోలండ్ సరుకుకి ప్రత్యేకమైన పేరుంది, కోవుడా అనే తెల్ల గూస్ జాతి, చివర్లో ఓట్స్ మేపినది. ‘ఓట్స్ గూస్’ అని లేబుల్ వెయ్యాలంటే యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం ఆఖరి మూడు వారాలు రోజుకి కనీసం 500 గ్రాముల ఓట్స్ పెట్టాలి. కొటేషన్లో ఆ మాట ఉంటే దాణా లెక్క వేరని గుర్తుపెట్టుకో, మామూలు సరుకుతో ఒకే గాటన కట్టకు. ఈకల ధర కూడా ఓ కంట కనిపెట్టు. మెత్తటి ఈక మంచి ధరకి పోయినప్పుడు పెంచేవాడు మాంసం మీద కాస్త తగ్గుతాడు, లేకపోతే మొత్తం భారం మాంసం మీదికే వస్తుంది.

జర్మన్ రైతు దగ్గర ఫ్రెష్‌గా కొనే పచ్చిక గూస్ ధరని మాత్రం ఈ షీట్లో కలపొద్దు. కిలో రెట్టింపు దాటినా కొనేవాళ్లున్నారు, వాళ్లు వేరే జనం. మీ కొనుగోలుదారులు డిస్కౌంట్ దుకాణాలు, హోటళ్లు. హోటళ్లు కాళ్లూ రొమ్మూ అడుగుతాయి, ప్లేటుకి ఇంతని లెక్క కుదురుతుంది గనక. చిన్న కుటుంబాలు కూడా నాలుగున్నర కిలోల పక్షిని ఓవెన్లో పెట్టి ఏం చేసుకుంటాయి? నా అంచనాలో ముక్కల ధరే ముందు కదులుతుంది, నిండు పక్షి ధర దాని వెనక నడుస్తుంది.

ఈ ఆదివారం ఎనిమిదంకెల కోడ్‌లతో మళ్లీ షీట్ చేసి పంపు. చార్టులు తర్వాత, ముందు అంకెలు. మేనేజరుకి ఇచ్చేముందు పోలండ్ సప్లయరు ఒకరికి, హంగరీ సప్లయరు ఒకరికి ఫోను చేసి ఈ వసంతంలో పిల్లలు ఎంతకి పోయాయో అడుగు. జర్మన్ రాకపోయినా ఇంగ్లీషులో అడుగు, వాళ్లు మాట్లాడతారు.

నీ
పెద్దమ్మ