డ్రమ్స్ రికార్డింగ్‌కి ముందు కాస్త పురికొస

అల్లుడూ,

సెకండ్ హ్యాండ్‌లో జూమ్ ఆర్16 రికార్డర్ కొన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అందరూ ఆక్టోప్యాడ్‌కి మారిపోయిన ఈ రోజుల్లో నువ్వు అసలు డ్రమ్స్ పట్టుకున్నావు, నాకు అదే సంతోషం. కానీ ఎనిమిది ఇన్‌పుట్‌లు ఉన్నాయి కదా అని ఎనిమిది మైకులు అరువు తెస్తున్నావట. ఆగు. నాలుగు చాలు. కిక్‌కి (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముకి) ఒకటి, స్నేర్‌కి (మోకాళ్ల మధ్య ఉండే డ్రమ్ముకి) ఒకటి, పైన రెండు. చిన్న గదిలో మైకులు పెరిగేకొద్దీ ఒకదాని మోత ఇంకోదాంట్లో దూరి చివరికి గోలే మిగులుతుంది.

పైన పెట్టేవి కరెంటు అందితేనే పనిచేసే కండెన్సర్ మైకులయితే 5, 6 ఇన్‌పుట్‌లకే పెట్టు. ఆ పెట్టెలో 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే కేబుల్‌లోంచే మైకుకి అందే కరెంటు, ఆ రెండింటికే వస్తుంది. ఇది తెలియక నేను 1, 2లో పెట్టి, మైకులు పోయాయనుకుని ఒక పూటంతా కేబుళ్లు మారుస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు పురికొస. ఒక మైకు స్నేర్‌కి నిటారుగా పైన, రెండు స్టిక్కులు కలిపినంత ఎత్తులో ఉండాలి. రెండోది నీ కుడి భుజం మీదుగా స్నేర్ వైపు చూడాలి. పురికొస ఒక చివర స్నేర్ నడిమధ్యన వేలితో అదిమి పట్టుకుని, మొదటి మైకు దాకా లాగి అక్కడ ముడి వెయ్యి. అదే ముడి రెండో మైకు మూతికీ సరిగ్గా అందాలి. అందకపోతే స్టాండు జరుపు, తాడు సాగదీయకు. శబ్దం మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లే పోతుంది. ఒక మైకు జానెడు దూరం జరిగినా దానికి స్నేర్ దెబ్బ ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపి వింటే స్నేర్ నీళ్ల మజ్జిగలా ఉంటుంది. తర్వాత ఈక్యూ (బాస్, ట్రెబుల్ సర్దేది) ఎంత తిప్పినా చిక్కబడదు.

మీ గది స్లాబ్ కిందికి ఉంటుంది కాబట్టి మైకుల పైన ఒక బొంత కట్టు, తాళ్లతో గట్టిగా. కిక్‌లో పాత దిండు పడెయ్. ఫ్యాన్ మాత్రం ఆపాల్సిందే. ఆ గాలి పై మైకులకే కొడుతుంది. చెమటలు పడితే టేక్‌కీ టేక్‌కీ మధ్య వేసుకో. కింది ఇంటివాళ్లకి ముందే ఒక మాట చెప్పు.

లెవెల్ చూసేటప్పుడు అందరూ మొహమాటంగా కొడతారు, పాట మొదలయ్యాక రెచ్చిపోతారు. కాబట్టి నీ పాటలో అన్నిటికన్నా గట్టి చోటు వాయించి, పీక్ మీటర్‌లో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ (మైకు సిగ్నల్ పెంచే నాబ్) తగ్గించు. శబ్దం హద్దు దాటిందని చెప్పే క్లిప్ లైట్ ఒక్కసారి వెలిగినా మళ్లీ మొదటికి రా. రికార్డింగ్ 24 బిట్‌లో పెట్టు. నాలుగు ట్రాకులకి నిమిషానికి 32 ఎంబీ దాకా అవుతుంది, కార్డు గురించి టెన్షన్ పడకు.

మధ్యలో తప్పు పోతే పంచ్-ఇన్ (ఆ ముక్క ఒక్కటే మళ్లీ రికార్డు చేసి అతకడం) జోలికి వెళ్లకు. అతికిన చోట సింబల్ (ఇత్తడి పళ్లెం) మోత టక్కున తెగి దొరికిపోతావు. మొత్తం మళ్లీ వాయించు.

పండక్కి వచ్చేటప్పుడు కార్డు తీసుకురా. మిక్స్ చెయ్యకు, నాలుగు ట్రాకులూ ఉన్నవి ఉన్నట్టే వింటాను.

మీ మామయ్య