ఆపిల్ కుండీలో ఐస్ వేస్తే పూత వస్తుందా?

"ఆపిల్ మొగ్గ విచ్చాలంటే చలి తగలాలట కదా, హైదరాబాద్‌లో కుండీ మొదట్లో ఐస్ గడ్డలు వేస్తే సరిపోతుందా?" అని అడిగారు. సరిపోదు. ఒక చలికాలమంతా మా ఇంట్లో ఆ వైభవం నడిచింది.

ఒక జనవరిలో సిమ్లా వెళ్లి రెడ్ డెలీషియస్ అనే ఆపిల్ రకం అంటు తెచ్చాను. ఆకు లేని ఎండుపుల్ల. కూకట్‌పల్లిలో మా మేడ మీద పెద్ద టబ్బులో పెడితే మార్చికల్లా ప్రతి కన్నూ (మొగ్గ) పగిలి చిగురేసింది. నా చేతి చలవ అనుకుని వాట్సాప్‌లో ఫొటోలు కూడా పెట్టాను. అది సిమ్లా చలి చలవ అని మరుసటి ఏడు తెలిసింది. పాత ఆకులు సరిగా రాలలేదు. కొమ్మ కొసల్లో నాలుగు ఆకులు గుత్తిగా వచ్చాయి, కింది కళ్లన్నీ మూసుకునే ఉండిపోయాయి.

మా నాన్న ఏదో వీడియో చూసి ఆ డిసెంబరు నుంచి రోజూ రాత్రి మూడు ట్రేల ఐస్ మొదట్లో పోయడం మొదలుపెట్టారు. ఫ్రీజర్ మొత్తం ఆయనదే. మా ఆవిడ దాచుకున్న పచ్చిబఠాణీలు బయటికొచ్చాయి. తెల్లారేసరికి టబ్బులోంచి కారిన నీళ్లు కింద వాటా వాళ్లు ఆరేసిన బట్టల మీద. రెండు నెలలు పోశాక కూడా ఒక్క కన్ను కదల్లేదు.

కదలదు, ఎందుకంటే చలి తగలాల్సింది మొగ్గకి. ఫ్రెడరిక్ కోవిల్ అనే అమెరికన్ 1920లోనే ఈ సంగతి రాశాడు. వెచ్చటి గాజుగదిలో ఉన్న బ్లూబెర్రీ మొక్క కొమ్మనొకదాన్ని రంధ్రంలోంచి బయట చలిలోకి వదిలాడు. వసంతంలో ఆ కొమ్మ చిగురేసింది, లోపలున్న మిగతా మొక్క నిద్రపోతూనే ఉంది. వేరు రెండింటికీ ఒకటే! నిద్రపోయే మొగ్గలో కణాల మధ్య సన్నటి దారులకు కాలోజ్ అనే పదార్థం బిరడాలా అడ్డుపడుతుందని, చాన్నాళ్లు చలి తగిలాక అది కరుగుతుందని బిర్చ్, పాప్లర్ చెట్లలో చూశారు. మా నాన్నకి ఇదంతా చెబితే, "అయితే ఐస్ కొమ్మలకి కడదామా?" అన్నారు.

రెడ్ డెలీషియస్‌కి ఏడు డిగ్రీల లోపు చలి దాదాపు వెయ్యి గంటలు కావాలి. అంటే రాత్రీ పగలూ కలిపి నలభై రోజులు. మన దగ్గర డిసెంబరు రాత్రులు చాలావరకు పదమూడు, పద్నాలుగు. మర్నాడు మధ్యాహ్నం ఇరవై ఎనిమిది ఎండ ఆ కాస్త చలినీ లాగేసుకుంటుంది. టబ్బుని తీసుకెళ్లి గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టించమని మా బావ సలహా. చివరికి ఆపిల్ తింటే ఘాటు రాదూ!

అసలు తప్పు నర్సరీల వాళ్లది. ఇక్కడ ఒకచోట "ఆల్ సీజన్ ఆపిల్" అని ఆరొందలకి అంటగట్టారు, రకం పేరు అడిగితే "ఆపిలే సార్" అన్నాడు. పేరు చెప్పని చోట కొనకండి. తక్కువ చలితో సరిపెట్టుకునే "అన్నా", "హెచ్‌ఆర్‌ఎంఎన్-99" లాంటి రకాలు అడగండి. రెండోది హిమాచల్‌లో బిలాస్‌పూర్ రైతు హరిమన్ శర్మ తయారుచేసిన రకం.

నేను తర్వాత "అన్నా" రకం పెట్టాను. ఇండోనేషియాలో బాతు అనే ఊళ్లో కాయలు కోశాక చెట్టు ఆకులన్నీ చేత్తో దూసేస్తారు. మొగ్గ గాఢనిద్రలోకి జారకముందే లేపడమన్నమాట, ఏడాదికి రెండు పంటలు తీస్తారు. అదే పని నేనూ చేస్తుంటే పక్క మేడ మీంచి ఆంటీ, "బంగారంలాంటి మొక్కని చంపేస్తున్నావేంటి బాబూ!" అని ఒకటే కేకలు. పూత వచ్చింది, మూడు కాయలు నిలిచాయి. ఒకటి ఉడత కొట్టేసింది, ఒకటి ఆంటీకి ఇచ్చాను.