సొంత నర్సింగ్ హోం పెట్టాలనుకునే అమ్మాయి, కేసులకు భయపడే తండ్రి

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్. గైనకాలజీలో పీజీ చేసి హన్మకొండలో సొంత నర్సింగ్ హోం పెడతానంటున్నది. బాలింత చనిపోయిందని బంధువులు దవాఖాన ముందు బైఠాయించారన్న వార్త చదివినప్పుడల్లా నాకు భయమవుతున్నది. కేసులు, జైలు, పరువు పోవడం వంటి బాధలు లేకుండా రేడియాలజీయో, సర్కారు ఉద్యోగమో మేలు కాదా? – ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: అయ్యా, మీ భయం అకారణమైనది కాదు. కానీ ఆ భయాన్ని బట్టి బ్రాంచిని ఎంచుకుంటే లెక్క తప్పుతుంది. రేడియాలజీలో చిక్కులు ఉండవనుకోవడం పొరపాటు. గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం ముందుగా వర్తించేది స్కానింగ్ చేసేవారికే. గర్భిణికి స్కాన్ చేసినప్పుడు నింపవలసిన ఫారం–ఎఫ్‌ను సరిగా నిర్వహించకపోవడం కూడా నేరమేనని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. ఇక సర్కారు ఉద్యోగం విషయానికి వస్తే, అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదన్నది నిజమే గాని, క్రిమినల్ చట్టమూ మెడికల్ కౌన్సిల్ నియమాలూ అక్కడి డాక్టరుకు కూడా వర్తిస్తాయి.

మీరు ఎక్కువగా భయపడుతున్న జైలు సంగతి చూద్దాం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం, చికిత్సలో నిర్లక్ష్యం వల్ల రోగి మరణిస్తే రిజిస్టర్డ్ వైద్యునికి రెండేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా పడవచ్చు. అయితే వైద్యుణ్ణి క్రిమినల్ కేసులో శిక్షించాలంటే మామూలు పొరపాటు సరిపోదని, తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని, అంతకుముందే అదే రంగం తెలిసిన మరో వైద్యుని నిష్పాక్షిక అభిప్రాయం తీసుకోవాలని, మామూలు కేసుల్లో లాగా వెంటనే అరెస్టు చేయరాదని సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. ప్రాణం పోయినంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదు. అందువల్ల నిజాయితీగా పనిచేసే డాక్టరుకు జైలు కంటే నష్టపరిహారం కేసే ఎక్కువగా ఎదురయ్యే ముప్పు. ఫీజు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని 1995లోనే తీర్పు వచ్చింది. ఫిర్యాదుకు సాధారణంగా రెండేళ్ల గడువు ఉంటుంది.

ఆ రెండేళ్లలో ఎప్పుడు నోటీసు వచ్చినా డాక్టరు పక్షాన నిలబడేది కేస్‌షీటు. రాత్రి రెండు గంటలకు ములుగు దిక్కు నుంచి రక్తస్రావంతో ఒక బాలింతను తెచ్చారనుకోండి. ఆమె వచ్చిన సమయం, అప్పటి బీపీ, రక్తం కోసం ఎప్పుడు అడిగారు, వరంగల్‌లోని సర్కారు పెద్దాసుపత్రి ఎంజీఎంకు తీసుకుపొమ్మని భర్తకు ఎప్పుడు చెప్పారు, ఆయన ఏమన్నాడు అన్నవి అప్పటికప్పుడు రాసి ఉంటే, డాక్టరు ఎంత కష్టపడిందో ఆ కాగితమే చెబుతుంది. తెల్లారినాక కొట్టివేసి తిరిగి రాసిన షీటు మాత్రం చేయని తప్పును కూడా చేసినట్టే చూపిస్తుంది. ఇన్‌పేషెంట్ల రికార్డులను మూడేళ్లు భద్రపరచాలని, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వృత్తి నియమావళి చెబుతున్నది. సమ్మతి పత్రం విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మహిళకు ఆమె తల్లి అనుమతితో గర్భసంచి తొలగించిన కేసులో, ప్రాణాపాయం లేనప్పుడు రోగి స్వయంగా ఇవ్వని సమ్మతి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. అడ్మిషన్ కాగానే ఖాళీ ఫారం మీద వేలిముద్ర తీసుకునే అలవాటు మన దగ్గర ఇంకా ఉన్నది, అది మానవలసిందే. ఏ ఆపరేషన్, ఎందుకు, ఏ ముప్పు ఉన్నదో తెలుగులో చెప్పి, తెలుగులో రాసిన పత్రం మీద సంతకం తీసుకోవాలి.

యజమాని అయినాక తాను చేయని తప్పుకు కూడా జవాబు చెప్పుకోవలసి వస్తుంది. సిస్టర్ తప్పు ఇంజెక్షన్ ఇచ్చినా నోటీసు ఆసుపత్రికే వస్తుంది. జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్ట్రేషన్, జీవవ్యర్థాల అనుమతి, ఫైర్ అనుమతి, స్కానింగ్ రిజిస్ట్రేషన్ వంటివి గడువు తప్పకుండా చూసుకునే మనిషి ఒకరు ఉంటే చాలు, అవి పెద్ద భారం కావు.

పరువు సంగతి వేరు, నా ఆందోళన అంతా అక్కడే. కోట్ల అప్పుతో కట్టిన భవనానికి నెల తిరిగేసరికి కిస్తీ కట్టాలి. పల్లెల నుంచి పేషెంట్లు రావాలంటే ఆర్‌ఎంపీలకు కమీషన్ ఇవ్వక తప్పదని ఎవరో ఒకరు నచ్చజెబుతారు. ఆ కమీషన్‌ను వృత్తి నియమావళి స్పష్టంగా నిషేధించింది, పైగా అది చివరికి పేషెంటు బిల్లులోనే తేలుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 ప్రసవాలు సిజేరియన్లే. ఇటువంటి చోట “ఆ దవాఖానకు పోతే కోసుడే” అన్న మాట ఒకసారి పుట్టిందంటే, అవసరమై చేసిన ఆపరేషన్‌ను కూడా జనం నమ్మరు. నమ్మకం లేని చోట మరణం సంభవిస్తేనే గుంపు కూడుతుంది. ఆసుపత్రుల మీద దాడులకు మూడేళ్ల దాకా శిక్ష విధించే 2008 నాటి చట్టం మన రాష్ట్రంలో ఉన్నది. కానీ ఆ ఘడియలో గుంపును ఆపగలిగేది, పరిస్థితి విషమించినప్పటి నుంచే ఆ కుటుంబంతో కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పిన డాక్టరు మాటే. ఇంటర్నెట్‌లో ఎవరైనా దూషిస్తూ రాసినా, జవాబులో పేషెంటు వివరాలు బయటపెట్టకూడదు, ఆ గోప్యత కూడా వృత్తి ధర్మమే.

కాబట్టి అమ్మాయిని గైనకాలజీ చేయనివ్వండి. పీజీ తరువాత మూడేళ్లయినా ఇతరుల ఆసుపత్రిలో జీతానికి పనిచేసి, వైద్యంతో పాటు రికార్డులు, బిల్లింగు, బంధువులతో మాట్లాడే తీరు కూడా నేర్చుకోమనండి. పీజీ అర్హతను తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో నమోదు చేయించిన తరువాతే స్పెషలిస్టు బోర్డు పెట్టాలి. వృత్తిపరమైన బీమా మొదటి ఉద్యోగం నాడే తీసుకోవాలి. అది పరిహారానికి, కోర్టు ఖర్చులకు పనికివస్తుంది గాని శిక్ష నుంచి తప్పించదు. మీరు తండ్రిగా చేయగలిగినది కూడా ఒకటున్నది. ఆమె పీజీ పూర్తి కాకముందే ఆమె పేరున స్థలం కొనకండి, భవనం కోసం అప్పు తేకండి. మొదట పది పడకల అద్దె ఇల్లు చాలు.