ముందు అతన్ని మాట్లాడనివ్వు

అమ్మాయీ,

నీ కథ చదివాను. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే తెలుగు జంట, పక్కనే హైలాండ్ పార్క్‌లో తండ్రి పోయిన యూదు స్నేహితుణ్ణి పరామర్శించడానికి వెళ్తారు. మంచి సందర్భమే ఎంచుకున్నావు. కానీ నీ హీరోయిన్ పూలగుత్తి పట్టుకెళ్ళి బెల్ కొడుతుంది, అతను లేచొచ్చి తలుపు తీసి కాఫీ ఇస్తాడు, ఈవిడ "ధైర్యంగా ఉండండి" అంటుంది. ఆచారం పాటించే ఇంట్లో వీటిలో ఒక్కటీ జరగదు.

ఖననం అయ్యాక ఏడు రోజుల సంతాపాన్ని వాళ్ళు షివా అంటారు. పరామర్శ వేళల్లో తలుపుకి గడియ పెట్టరు, వచ్చినవాళ్ళు బెల్ కొట్టకుండా లోపలికి వెళ్ళిపోతారు. అద్దాల మీద గుడ్డలు కప్పి ఉంటాయి. కొడుకు పొట్టి పీట మీద కూర్చుని ఉంటాడు, కాళ్ళకి తోలు చెప్పులుండవు. చొక్కా ఎడమవైపు, సరిగ్గా గుండె మీద, ఒక చిరుగు. తండ్రి కోసం చింపుకున్నది. ఆ చిరుగు నీ హీరోయిన్ కంటపడాలి, దాని గురించి అడక్కూడదు. పూలు తీసెయ్, అక్కడ వాటి ఆనవాయితీ లేదు. తినేవి తీసుకెళ్ళొచ్చు, కోషర్ అయితేనే, అంటే వాళ్ళ మత ఆహార నియమాలకి తగ్గవైతేనే. మర్యాదలు చేసే పని ఆ ఇంటివాళ్ళది కాదు. ఖననం నుంచి రాగానే వాళ్ళు తినే మొదటి భోజనం కూడా ఇరుగుపొరుగు తెచ్చిందే: ఉడికించిన గుడ్లు, పప్పుధాన్యాలు.

అసలు సంగతి మాటల దగ్గరుంది. వాళ్ళ ఆచారంలో, దుఃఖంలో ఉన్న మనిషి నోరు విప్పేదాకా వచ్చినవాళ్ళు మాట్లాడరు. బైబిల్లో, పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు కథలో మిత్రులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట లేకుండా. యోబు మాట్లాడాక వాళ్ళూ అందుకుని, తప్పంతా అతనిదే అన్నట్టు వాదించి చెడగొట్టారు. నీ హీరోయిన్‌ది కొంచెం ఆ బాపతే. కాబట్టి మొదటి డైలాగ్ కొడుక్కివ్వు. నాన్న పిసినారితనం గురించి చెప్పి నవ్వాడనుకో, వీళ్ళూ నవ్వొచ్చు. అతను పలకకపోతే నువ్వూ పలక్కు. అర పేజీ ఖాళీగా పోతుందని టెన్షన్ పడకు.

వెళ్ళేటప్పుడు మిగతావాళ్ళు, సీయోను, యెరూషలేముల కోసం దుఃఖించే వారందరితో పాటు దేవుడు మిమ్మల్నీ ఓదార్చుగాక అని చెప్పి లేస్తారు. అతను సాగనంపడానికి లేవడు. మనకేమో చావింట్లో "వెళ్ళొస్తాం" అనకూడదు, చెప్పకుండానే వచ్చేస్తాం. నీ జంట ఏం చేస్తారు? ఆ తటపటాయింపులోనే నీ కథ ఉంది, కొత్త మలుపులేమీ అక్కర్లేదు.

ఇంకొకటి. శనివారం మధ్యాహ్నం వెళ్ళారని రాశావు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు, వాళ్ళ వారపు విశ్రాంతి దినం. బయటికి కనిపించేలా సంతాపం పాటించరు, పరామర్శకీ ఎవరూ రారు. ఆదివారానికి మార్చి మళ్ళీ పంపు.