ఏ గడిలో టిక్కు పెట్టాలి, దేని జోలికి పోకూడదు

చిట్టితల్లీ,

అమెరికా కాలేజీ స్కాలర్‌షిప్పుల జాబితా పంపి, మన జాతికి ఇచ్చేవి ఏవని అడిగావు. జాతికన్నా ముందు చూసేది వీసా. హెచ్-4 పిల్లలకు, అంటే హెచ్-1బీ ఉద్యోగుల మీద ఆధారపడిన వీసాతో ఉన్నవాళ్లకు, ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) సాయం రాదు, ప్రైవేటు సంస్థల్లోనూ చాలావాటికి పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. నీకు కార్డు వచ్చింది కాబట్టి ఆ గండం గడిచింది. ఫెడరల్ సాయానికి పెట్టే దరఖాస్తు ఫాఫ్సాలో ఏ-నంబరు (వలసవచ్చినవాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు) అడుగుతారు. కార్డు మీద అది యూఎస్‌సీఐఎస్ నంబరు పేరుతో తొమ్మిది అంకెల్లో ఉంటుంది, వెతుక్కుని కంగారుపడకు.

ఇక దరఖాస్తుల్లో జాతి అడిగే గడుల సంగతి. "అమెరికన్ ఇండియన్" అంటే మనం కాదమ్మా. ఆ నేల మీద మొదటినుంచీ ఉన్న నవాహో, చెరోకీ లాంటి తెగలవాళ్లు. చివర్లో "ఇండియన్" కనబడగానే మన పిల్లలు నొక్కేస్తారు. వాళ్లకోసం పెట్టిన స్కాలర్‌షిప్పులకు తెగ సభ్యత్వ పత్రమో, ఆ తెగల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఇండియన్ అఫైర్స్ ఇచ్చే, వంశమూలాలు తెలిపే సీడీఐబీ అనే ధ్రువపత్రమో కావాలి. ఆ గడి పొరపాటున నొక్కినా తప్పుడు సమాచారం ఇచ్చినట్టు లెక్కగట్టొచ్చు, వచ్చిన డబ్బు వెనక్కి అడగొచ్చు. పైగా అది వాళ్ల పిల్లల వాటా. మన గడి "ఏషియన్". దాని కింద "ఏషియన్ ఇండియన్" విడిగా ఉంటే అది.

ఏషియన్ అయితే చాలని అనుకోకు. "అండర్ రెప్రజెంటెడ్ మైనారిటీ" అని ఉంటే, సైన్సు, ఇంజినీరింగు స్కాలర్‌షిప్పుల్లో సాధారణంగా నల్లజాతి, హిస్పానిక్, ఆదివాసీ విద్యార్థులనే అర్థం. ఏపీఐఏ స్కాలర్స్ అనే స్కాలర్‌షిప్పుల సంస్థ ఆసియా, పసిఫిక్ దీవుల మూలాలవాళ్ల కోసం పుట్టిందే, కానీ మొగ్గు తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకూ, ఇంట్లో మొదటగా కాలేజీకి వెళ్తున్నవాళ్లకూ. మీ అమ్మానాన్నలిద్దరూ ఇంజినీర్లు, అక్కడ నీకు బలం తక్కువే.

పాత జాబితాలు నమ్మకు. కాలేజీలు జాతిని చూసి సీట్లివ్వకూడదని 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అడ్మిషన్ల గురించే అయినా, ఆ తర్వాత చాలా యూనివర్సిటీలు స్కాలర్‌షిప్పుల్లోనూ జాతి షరతు తీసేశాయి. ఈ ఏడాది అర్హతల పేజీ తెరిచి చదివాకే అప్లై చెయ్యి. షరతు తీసేసినచోట నీ నేపథ్యం దరఖాస్తుతో పంపే వ్యాసంలో చెప్పుకోవచ్చు. అక్కడ ఉగాది పచ్చడి గురించి రాయకు, అందరూ అదే రాస్తారు. ఆదివారం తెలుగు బడిలో గుణింతాలు దిద్దిస్తున్నావు కదా, ఎంతమందికి, ఎన్నేళ్లుగా, 'ల'కీ 'ళ'కీ తేడా పలకలేని పిల్లాడికి ఎలా నేర్పావు, అది రాయి.

ఏదైనా వచ్చిందంటే, సంతకం పెట్టేముందు కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి మెయిల్ పెట్టు. బయటి డబ్బు వస్తే వాళ్లిచ్చేదాంట్లో కోత పెట్టే కాలేజీలున్నాయి. ముందు లోను తగ్గిస్తారా, గ్రాంటు తగ్గిస్తారా అని అడిగి, జవాబు రాతలో తెప్పించుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న