చేతుల్లో నిద్రపోయి, పక్క మీద వెయ్యగానే ఏడ్చే పాప

మీ ప్రశ్న ఇదీ: పాపకి ఆరు వారాలు, ఒళ్ళో హాయిగా నిద్రపోతుంది, పక్క మీద వేసిన రెండు నిమిషాలకే లేచి గుక్కపెట్టి ఏడుస్తుంది. అత్తగారేమో "చెయ్యి మరిగింది, ఎత్తుకోవడం తగ్గించు" అంటున్నారు.

ముందు అత్తగారి మాట సంగతి. ఆరు వారాల బిడ్డకి చెయ్యి మరిగేంత తెలివి ఇంకా రాలేదమ్మా. ఎత్తుకుంటే ఊరుకుంటుందంటే వెచ్చదనం, కదలిక, గుండె చప్పుడు దొరుకుతున్నాయి కాబట్టి. 1986లో కెనడాలో చేసిన ఒక పరిశోధనలో, రోజూ మామూలు కన్నా ఎక్కువసేపు ఎత్తుకున్న పిల్లలు ఆరో వారంలో మిగతావాళ్ళ కన్నా 43 శాతం తక్కువ ఏడ్చారు. అప్పటికే విపరీతంగా ఏడ్చే పిల్లల్లో మాత్రం తర్వాత చేసిన ప్రయత్నంలో ఆ తేడా కనిపించలేదు. అంటే ఎత్తుకోవడం అన్ని ఏడుపులకీ మందు కాదు, అలాగని ఈ వయసులో చెడగొట్టేదీ కాదు. పైగా రెండో వారం నుంచి పెరిగే ఏడుపు దాదాపు ఆరో వారానికి తారస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకి తగ్గుతుంది. మీరు సరిగ్గా ఆ శిఖరం మీదే ఉన్నారు.

ఇక అసలు చిక్కు. చిన్నపిల్లలు నిద్రలోకి జారగానే గాఢనిద్రలోకి వెళ్ళరు. మొదటి ఇరవై నిమిషాలు అటూ ఇటూగా పైపై నిద్రే. కనురెప్పల కింద గుడ్లు కదులుతాయి, పెదవులు నవ్వినట్టు అవుతాయి, ఊపిరి ఒకసారి వేగంగా ఒకసారి నెమ్మదిగా ఉంటుంది, పిడికిళ్ళు బిగిసి ఉంటాయి. పాప కళ్ళు మూసుకోగానే మనం "హమ్మయ్య" అని దింపేస్తాం, అక్కడే తిరగబడుతుంది. గాఢనిద్ర గుర్తు పట్టడం తేలిక: ఊపిరి ఒకే తీరుగా నడుస్తుంది, పిడికిలి విచ్చుకుంటుంది, చెయ్యి కొంచెం లేపి వదిలితే గుడ్డపీలికలా పడిపోతుంది. అలా పడకపోతే ఇంకో ఐదు నిమిషాలు ఆగండి.

జపాన్‌లో రైకెన్ సంస్థ పరిశోధకులు 2022లో 21 మంది పిల్లల గుండె వేగం కొలిచి చూశారు. వీపు పరుపుకి తగిలినప్పటి కన్నా, తల్లి ఒంటి నుంచి విడివడటం మొదలైనప్పుడే పిల్లలు ఉలికిపడి మెలకువలోకి వస్తున్నారని తేలింది. వాళ్ళు చెప్పిన పద్ధతి: ఏడుస్తున్న పాపని ఎత్తుకుని ఐదు నిమిషాలు ఆగకుండా, ఒకే వేగంతో, చప్పున మలుపులు తిరగకుండా నడవాలి. నిద్రపోయాక ఇంకో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు అలాగే ఎత్తుకుని కూర్చోవాలి. ఆ తర్వాతే దింపాలి. చాలామంది వదిలేసేది ఈ రెండో భాగమే.

దింపే ముందు పక్క సిద్ధంగా ఉండాలి, పాపని ఒక చేత్తో పట్టుకుని దుప్పటి సర్దుకునే పని పెట్టుకోకండి. గట్టి పరుపు, దాని మీద ముడతల్లేకుండా బిగించిన నూలు దుప్పటి, అంతే. ఏసీ గదిలో దుప్పటి చల్లగా ఉంటే ఆ చలికే లేస్తారు. వేడినీళ్ళ సీసా ఓ పది నిమిషాలు దుప్పటి మీద ఉంచి, తీసేసి, మోచేతితో తాకి చూసి అప్పుడు పడుకోబెట్టండి. గాజులు ఎక్కువుంటే రాత్రికి తీసెయ్యండి. మెడ కింద నుంచి చెయ్యి లాగేటప్పుడు గలగలమనేది, వెంట్రుకలకి తగులుకునేది అవే.

ఇప్పుడు దింపడం. పాపని ఛాతీకి ఆనించుకునే మీరూ పక్క మీదకి వంగండి. ముందు పిర్రలు ఆనాలి, తర్వాత నడుము, వీపు, చివరికి తల. తల ముందు కిందికి వాలిందా, పడిపోతున్నట్టు అనిపించి రెండు చేతులూ బార్లా చాచి ఉలిక్కిపడుతుంది. ఈ ఉలికిపాటు పుట్టుకతో వచ్చేదే, నాలుగైదు నెలలకి పోతుంది. వీపు పూర్తిగా ఆనేదాకా మీ ఛాతీ తీయకండి. పిర్రల కింది చెయ్యి ముందు లాగి పాప గుండెల మీద పెట్టండి, తల కింది చెయ్యి ఆ తర్వాత, మెల్లగా. అరచెయ్యి ఒక నిమిషం అలాగే ఉంచి, జోకొట్టేది ఆపి, చివర వేళ్ళు ఒక్కొక్కటీ తీయండి. ఊయల తొట్టి లోతుగా ఉంటే చివరి నాలుగంగుళాలు మనకి తెలియకుండానే వదిలేస్తాం. మీ నడుము అంత వంగకపోతే నేల మీద పరుపు వేసుకుని మోకాళ్ళ మీద కూర్చుని దింపడమే నయం.

దింపాక మూలిగినా, కాళ్ళు కొట్టుకున్నా వెంటనే ఎత్తకండి. పైపై నిద్రలో అలాంటి చప్పుళ్ళు మామూలే, మనమే ఎత్తి పూర్తిగా లేపేస్తుంటాం. అర నిమిషం చూడండి. నిజంగా ఏడుపు అందుకుంటే ఎత్తుకోండి. వరసగా రెండుసార్లు తప్పితే ఆ నిద్రని ఒళ్ళోనే కానివ్వండి, మూడోసారికి ఇద్దరూ ఏడుస్తారు. రోజంతా ప్రతి నిద్రకీ ఈ తంతు అక్కర్లేదు. రాత్రి మొదటి నిద్ర, లేదా పొద్దున మొదటి కునుకు, ఏదో ఒకటి పట్టుకుని అక్కడే ప్రయత్నం చెయ్యండి.

అసలు పడుకోనే పడుకోకపోతే మూడు చూడాలి. మొదటిది పాలు తాగాక వచ్చే గాలి: తాగిన వెంటనే వెల్లకిలా వేస్తే పాలు పైకి తన్నుకొస్తాయి. పది పదిహేను నిమిషాలు భుజం మీద నిటారుగా ఉంచండి. సీసా పాలైతే 60 మిల్లీలీటర్లకోసారి ఆపి త్రేన్పు తెప్పించండి. రెండోది అలసట: ఈ వయసులో పాలు తాగే సమయంతో కలిపి ముప్పావుగంట నుంచి గంట మేలుకుంటే చాలు, అది దాటితే నిద్ర ముంచుకొస్తున్నా నిద్రపోలేరు. ఆవలింత, చూపు పక్కకి తిప్పుకోవడం మొదలవగానే ఎత్తుకోండి, ఏడుపు దాకా రానివ్వకండి. మూడోది ఉక్క. మెడ వెనక చెమట తగులుతోందంటే బట్ట తగ్గించాలి.

పొత్తిళ్ళలో చుట్టడం ఉలికిపాటుకి బాగా పనిచేస్తుంది. పలచటి మల్లుగుడ్డ, అదీ ఒకటే పొర. ఛాతీకీ గుడ్డకీ మధ్య రెండు వేళ్ళు దూరాలి, నడుము కింద వదులుగా ఉండి కాళ్ళు కప్పలా మడుచుకోగలగాలి. కాళ్ళు చాపి బిగిస్తే తుంటి కీలు చెడే ప్రమాదం ఉంది. చుట్టిన పాపని ఎప్పుడూ వెల్లకిలానే. పక్కకి దొర్లే ప్రయత్నం కనబడిన రోజే చుట్టడం మానెయ్యాలి.

చీర ఉయ్యాల గురించి అడుగుతారని తెలుసు. మేలుకుని ఉన్నప్పుడు, మీరు ఎదురుగా ఉన్నప్పుడు ఊపండి. నిద్రపోయాక మాత్రం తీసి చదునైన పక్క మీద వెయ్యండి. గుడ్డ కుంగి గడ్డం ఛాతీకి ఆనితే చిన్నపిల్లలకి ఊపిరి ఇరుకవుతుంది. ఆవాల దిండు కూడా వద్దు, ఏ దిండూ వద్దు. తల గుండ్రంగా రావాలంటే ఓసారి కుడికి, ఓసారి ఎడమకి తల తిప్పి పడుకోబెట్టడం, మేలుకున్నప్పుడు బోర్లా వేసి ఆడించడం చాలు. సాంబ్రాణి పొగ పాప గదిలో వద్దు. వస, తేనె, గ్రైప్ వాటర్ ఇవ్వొద్దు. ఏడాది లోపు తేనె నిజంగా ప్రమాదం.

సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఎక్కువ ఏడుస్తుంటే ఆ మూడు గంటలూ పాపని వాళ్ళ నాన్నకో, అత్తగారికో అప్పగించి మీరు పడుకోండి. పాపని ఎత్తుకుని సోఫాలోనో కుర్చీలోనో కునుకు తీయడం అన్నిటికన్నా ప్రమాదం, అక్కడే ఇరుక్కుని ఊపిరాడకపోయే అవకాశం ఎక్కువ. చేతులు వణికేంత విసుగొస్తే పాపని పక్క మీద వెల్లకిలా వేసి, ఐదు పది నిమిషాలు గది బయటికి వెళ్ళండి. ఆ ఏడుపుతో ఏమీ కాదు, విసుగులో ఊపి కుదిపేస్తే మెదడుకి దెబ్బ తగులుతుంది.

ఈ కింది వాటిల్లో ఏది కనిపించినా దింపే పద్ధతుల గురించి ఆలోచించకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి: జ్వరం 100.4 ఫారెన్‌హీట్ లేదా ఆపైన, పచ్చటి వాంతి, పాలు తాగకపోవడం, రోజుకి ఆరు కన్నా తక్కువసార్లు తడపడం, మాడు ఉబ్బడం, గజ్జల్లో వాపు. ఎత్తుకున్నా ఆగని ఏడుపైతే మేజోళ్ళు తీసి కాలివేళ్ళు ఒక్కొక్కటీ చూడండి. కాన్పు తర్వాత కొన్ని నెలలు బాలింతలకి జుట్టు రాలుతుంటుంది, ఒక్క వెంట్రుక వేలికి చుట్టుకుని బిగిసినా రక్తం ఆడదు. వేలు ఎర్రగా ఉబ్బి, వేలి మొదలు దగ్గర గీత పడినట్టు కనిపిస్తే మామూలుగా విప్పగలిగితే విప్పండి, లేకపోతే అలాగే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.