మలేరియా తగ్గిపోతున్న రోజుల్లో మలేరియా ఇమ్యూనిటీ మీద పీహెచ్‌డీ చెయ్యొచ్చా?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. ఎమ్మెస్సీ జువాలజీ అయ్యాక మలేరియా రోగనిరోధక శక్తి, వ్యాప్తి మీద పనిచేసే ల్యాబ్‌లో చేరితే రోజువారీ జీవితం ఎలా ఉంటుందన్నది ఒకటి. మన దేశంలో మలేరియా తగ్గిపోతోంది కాబట్టి ఈ చదువుకి ముందుముందు గిరాకీ ఉంటుందా అన్నది రెండోది. నేను వైవాక్స్ (మనుషులకు మలేరియా తెచ్చే పరాన్నజీవుల్లో ఒక రకం) మలేరియా వ్యాప్తి మీదే పీహెచ్‌డీ చేశాను. తర్వాత కొన్నేళ్లు ఆ పనిలోనే ఉండి, ఇప్పుడు డెంగీ వైపు వచ్చాను. రెండో ముక్కకే ముందు జవాబు చెబుతాను. మా ఇంట్లోవాళ్లు కూడా నన్ను అదే అడిగేవారు.

శ్రీలంక సంగతి చూడండి. 1963లో ఆ దేశం మొత్తమ్మీద నమోదైన మలేరియా కేసులు 17. ఇక పని అయిపోయిందనుకున్నారు, డీడీటీ పిచికారీ ఆపేశారు, నిఘా సడలింది. 1969లో కేసులు ఐదు లక్షలు దాటాయి. అక్కడి నుంచి మళ్లీ సున్నాకి రావడానికి 2012 దాకా పట్టింది. ఆ ఏడాది అక్టోబరులో చివరి స్థానిక కేసు నమోదైంది. 2016లో మలేరియా రహిత దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. కాబట్టి కేసులు తగ్గాయంటే శాస్త్రవేత్తల పని తీరిపోయిందని కాదు. అప్పటిదాకా కనబడని మనుషులు, అంటే జ్వరం లేకుండానే పరాన్నజీవిని మోసేవాళ్లు, అసలు ప్రశ్నగా మిగులుతారు. ఇమ్యూనిటీ తెలిసినవాడి అవసరం అక్కడే పడుతుంది.

ఈ రంగంలో కెరీర్ ఎలా ఉంటుందో తెలియాలంటే నేను ముందుగా చెప్పే పేరు కామినీ మెండిస్. ఆవిడ శ్రీలంక డాక్టరు. పారాసైటాలజీ, అంటే పరాన్నజీవుల శాస్త్రంలోకి వచ్చి కొలంబో విశ్వవిద్యాలయంలో మలేరియా పరిశోధన విభాగం నడిపారు, తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థలో పనిచేశారు. ఆవిడ బృందం పట్టుకున్న ప్రశ్న మనిషి జబ్బు గురించి కాదు, ఆ మనిషిని కుట్టిన దోమ కడుపులో ఏం జరుగుతుందన్న దాని గురించి.

కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ థీసిస్ కూడా దీని చుట్టూనే తిరుగుతుంది. మనిషి రక్తంలో గామెటోసైట్లు, అంటే పరాన్నజీవి ఆడ మగ రూపాలు, ఎర్రకణాల లోపల దాగి తిరుగుతుంటాయి. దోమ రక్తం పీల్చగానే అవి కణం పగలగొట్టుకుని బయటికొచ్చి, ఆడ మగ బీజకణాలై, దోమ కడుపులోనే కలుస్తాయి. ఆ రక్తంతో పాటు మనిషి యాంటీబాడీలూ లోపలికి పోతాయి కదా, కలయికను అక్కడ అడ్డుకోగలవు. 1976లో రిచర్డ్ కార్టర్ దీన్ని కోళ్ల మలేరియాలో చూపించాడు. తర్వాత మెండిస్ బృందం కార్టర్‌తో కలిసి, వైవాక్స్ సోకిన మనుషుల్లో సహజంగానే ఇలాంటి యాంటీబాడీలు పుడతాయని నిరూపించింది. అక్కడితో ఆగి ఉంటే కథ సాఫీగా ఉండేది. కానీ అవే యాంటీబాడీలు పలచబడితే కొన్నిసార్లు వ్యాప్తిని ఆపకపోగా పెంచుతున్నాయని కూడా వాళ్ల ప్రయోగాల్లోనే తేలింది. మలేరియా మళ్లీ నాలుగు నెలల్లోపు సోకితే ఈ రక్షణ బలపడుతుంది, ఆ తర్వాత సోకితే ఒంటికి గుర్తుండదు. విద్యార్థిగా ఆ పేపర్లు చదివినప్పుడు, ఇష్టం లేని ఫలితాన్ని కూడా అచ్చు వేయించిన వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

ఇంకో తిరకాసు ఉంది. ఇలాంటి యాంటీబాడీలు పుట్టించే టీకా వేయించుకున్నవాడికి జ్వరం ఆగదు, లాభం ఇరుగుపొరుగుకే. నీకు ఉపయోగం లేదు గానీ సూది వేయించుకో అని ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎలా చెప్పాలన్నది ఇప్పటికీ ఎథిక్స్ కమిటీల్లో నలిగే ప్రశ్నే. కార్టర్ ప్రయోగం జరిగి యాభై ఏళ్లు కావస్తున్నా ఆ రకం టీకా బయటికి రాలేదు. పిల్లల్ని జబ్బు నుంచి కాపాడే టీకాల దారీ పొట్టిదేం కాదు. రూత్ నుస్సెన్‌జ్వైగ్ రేడియేషన్ తగిలిన స్పోరోజోయిట్లతో (దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి దిగే పరాన్నజీవి రూపం) ఎలుకల్లో రక్షణ కల్పించింది 1967లో. ఆ వరుసలో వచ్చిన ఆర్‌టీఎస్-ఎస్ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది 2021లో. రెండేళ్లకి ఆర్21 వచ్చింది, దాన్ని పుణెలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేస్తోంది. మొదలుపెట్టిన పని పూర్తయ్యేదాకా మీరు సర్వీసులో ఉండకపోవచ్చు. ఇది తెలిసే చేరండి.

ఇక రోజువారీ జీవితం. ఇంకో రకం మలేరియా పరాన్నజీవి ఫాల్సిపారమ్‌ను 1976 నుంచి ల్యాబు ఫ్లాస్కుల్లో పెంచుతున్నారు. వైవాక్స్ అలా ఏకబిగిన పెరగదు. కాబట్టి వైవాక్స్ మీద పనిచేసే ల్యాబ్ రోగులున్న చోటే ఉండాలి, వాళ్లు వచ్చే కాలంలోనే పని నడవాలి. వానాకాలమంతా మాకు పరుగు, ఎండాకాలం రాతకోతలు. స్లైడు పాజిటివ్ వచ్చిన రోగి ఒప్పుకుంటే, మందు మొదలుపెట్టకముందే కొంచెం రక్తం తీసుకుని వెంటనే మందు ఇప్పిస్తాం. మన ప్రయోగం కోసం వైద్యం గంట కూడా ఆగకూడదు. తీసిన రక్తం 37 డిగ్రీల నుంచి చల్లబడిందా, గామెటోసైట్లు ట్యూబునే దోమ కడుపు అనుకుని విచ్చుకుంటాయి, ప్రయోగం అక్కడితో సరి. అందుకే ఫ్లాస్కులో వెచ్చటి నీళ్లు పోసుకుని ఓపీ దగ్గర కూర్చునేవాళ్లం. టీ ఉందా అమ్మా అని అడిగినవాళ్లూ ఉన్నారు.

ఆ రక్తాన్ని పల్చటి పొర బిగించిన గాజు ఫీడర్లలో పోసి, రాత్రంతా ఆకలితో ఉంచిన దోమలకు అందిస్తాం. తేడా చూడటానికి, ఒక ఫీడర్‌లో రోగి రక్తకణాలతో పాటు రోగి ప్లాస్మానే ఉంచుతాం, ఇంకోదానిలో దాని బదులు మలేరియా ఎరుగని మనిషి సీరమ్. వారం తర్వాత ఒక్కో దోమ కడుపు బయటికి లాగి, మెర్క్యురోక్రోమ్‌లో ముంచి, మైక్రోస్కోపు కింద ఊసిస్టులు, అంటే కడుపు గోడ మీద పరాన్నజీవి పెరిగే బుడిపెలు, లెక్కపెట్టాలి. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో చూసింది ఈ బుడిపెలనే. ఆ దోమలకు తన ఒంటి రక్తం ఇచ్చిన రోగి హుసేన్ ఖాన్‌కి రాస్ దోమకో అణా చొప్పున ముట్టజెప్పాడు. సంస్మరణ సభల్లో ఆయన పేరు కూడా గట్టిగా వినబడితే బాగుండునని నాకు అనిపిస్తుంది.

లెక్కల దగ్గర ఒక మాట. చాలా దోమల్లో సున్నా ఉంటుంది, రెండు మూడింటిలో మాత్రం కుప్పలుగా ఉంటాయి. సగటు తీస్తే మోసపోతారు. ఇలాంటి లెక్కలకు వాడే గణాంక నమూనా నెగటివ్ బైనామియల్ అంటే ఏమిటో చేరకముందే నేర్చుకోండి, ఇమ్యూనాలజీ పుస్తకం తర్వాతైనా చదవొచ్చు.

ఇన్సెక్టరీ, అంటే దోమలు పెంచే గది, ఉన్న ల్యాబ్ పాడిగేదెలున్న ఇల్లు లాంటిది. పండగ అయినా పెళ్లి అయినా ఎవరో ఒకరు ఉండిపోవాలి. లార్వాలకు మేత వేయాలి, ప్యూపాలు ఏరాలి, గది తేమ చూసుకోవాలి. వైరల్ ల్యాబులో ఫ్రీజర్‌కి తాళం వేసి ఊరెళ్లే స్నేహితులను చూసి నేను కుళ్లుకున్న సంక్రాంతులున్నాయి.

ఊళ్లలో పని ఇంకో రకం. పాడేరు పైన కొండవాగుల పక్కన ఫ్లూవియాటిలిస్ దోమ ఉండే ఊళ్లలో, జ్వరం లేనివాళ్ల రక్తం కూడా కావాలని ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. "ఒళ్లు కాలుతున్నోడికి సూది వేస్తారు గానీ, బాగున్నోడికి ఎందుకమ్మా?" అని ఒక పెద్దావిడ నిలదీసింది. సరైన ప్రశ్నే. చిన్నప్పటి నుంచి పదేపదే సోకిన పెద్దవాళ్లలో పరాన్నజీవి తక్కువగా ఉంటూ జ్వరం తేకుండానే గడిపేస్తుంది, దోమకి మాత్రం అందుతుంది. 1961లో గాంబియాలో ఇయాన్ మెక్‌గ్రెగర్, సిడ్నీ కోహెన్ బృందం పెద్దల రక్తంలోని గామా గ్లోబులిన్ తీసి జబ్బుపడ్డ పిల్లలకు ఎక్కిస్తే పరాన్నజీవులు పడిపోయాయి. పెద్దల ఒంట్లో రక్షణ ఉందని అలా తేలింది. ఆ రక్షణ జబ్బుని ఆపుతుందే గానీ సోకడాన్ని పూర్తిగా ఆపదు. మెక్‌గ్రెగర్ 1949 నుంచి కెనెబా అనే ఊరిని పట్టుకుని దశాబ్దాలు అక్కడే పనిచేశాడు. నేను ఆ పెద్దావిడకి ఇదంతా చెప్పలేదు. "నీకు జ్వరం రాదు పెద్దమ్మా, నిన్ను కుట్టిన దోమ నీ మనవడిని కుడితే వాడికొస్తుంది" అన్నాను. చెయ్యి చాపింది, అయితే ముందు మనవడికి స్లైడు తీయమంది.

డబ్బు సంగతి: జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు. పీహెచ్‌డీ తర్వాత ఎక్కువమందికి ప్రాజెక్టు ఉద్యోగాలే, కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో అని ప్రతిసారీ ఎదురుచూపే. పర్మనెంట్ పోస్టులు తక్కువ. నేను డెంగీ వైపు రావడానికి ఇదే కారణం, మలేరియా మీద విసుగుతో కాదు. దోమల పెంపకం, కోత, యాంటీబాడీల పరీక్షలు, ఊళ్లలో సర్వే నడపడం, అన్నీ ఇక్కడా పనికొచ్చాయి. కాబట్టి గిరాకీ గురించి మరీ భయపడక్కర్లేదు.

చేరేముందు గైడ్‌ని సూటిగా అడగండి. ల్యాబ్‌కి సొంత ఇన్సెక్టరీ ఉందా, దాన్ని నడపడానికి టెక్నీషియన్ ఉన్నాడా, లేక ఆ పని కూడా విద్యార్థి నెత్తినేనా? రోగులు ఏ ఆస్పత్రి నుంచి వస్తారు, గత రెండు వానాకాలాల్లో ఎందరు వచ్చారు? కేసులు తగ్గిన జిల్లాలో వైవాక్స్ గామెటోసైట్ల మీద థీసిస్ రాస్తానంటే శాంపిళ్లకే ఏళ్లు పడతాయి. అలాంటప్పుడు సీరాలజీని, అంటే రక్తంలో యాంటీబాడీల పరీక్షల్ని, ప్రధానంగా పెట్టుకుని దోమల ఫీడింగ్‌ని ఒక అధ్యాయానికి పరిమితం చేయమనండి. ఎథిక్స్ అనుమతి చేతిలో ఉందో, ఇంకా దరఖాస్తులోనే ఉందో కూడా కనుక్కోండి. దరఖాస్తులోనే ఉంటే మొదటి వానాకాలం పోయినట్టే. ఆ ఏడాది దోమ కడుపు చిరగకుండా తీయడం, ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు చేయడం నేర్చుకోండి.